విమానం చక్రంలోని గాలి మన ఇంటి బండికి చెప్పే పాఠం



కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌తో సంబంధం లేని వాడకట్టు ఉండదంటే అతిశయోక్తి కాదు. ఒక ఇంట్లో నాన్న దుబాయిలో ఉంటారు, పక్కింట్లో మేనమామ సౌదీలో ఉంటారు, ఇంకో ఇంటి పెద్దవాళ్లు హజ్ యాత్రకు వెళ్లి వస్తారు. రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి శంషాబాద్ చేరి, అక్కడ చెయ్యి ఊపి సాగనంపిన అనుభవం మన పిల్లల్లో చాలామందికి ఉంది. విమానం ఎగిరేటప్పుడు పిల్లలు రెక్కలను చూస్తారు, ఇంజన్ల మోత వింటారు. కిందున్న చక్రాలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ నెల ‘ఇంట్లో సైన్సు’ పాఠం ఆ చక్రాల గురించే. ఎనిమిదో తరగతిలో చదివే బలం, పీడనం, ఘర్షణ అనే మూడు మాటలూ ఇందులో వస్తాయి. పెద్దవాళ్లకూ ఇందులో ఒక పాఠం ఉంది. మీరు చదివి, పిల్లలకు చదివి వినిపించి, చివర్లో ఇచ్చిన పని వాళ్లతో కలిసి చేయండి.

టైరు అంటే రబ్బరు కాదు, బట్ట

ఈ మాట సిరిసిల్ల పిల్లలకు చెబితే వెంటనే ఒప్పుకుంటారు. టైరు బలమంతా దానిలోపలి దారంలో ఉంటుంది. సాధారణ విమాన టైర్లలో గట్టి నైలాన్ దారాలతో చేసిన పొరలను ఒకదాని మీద ఒకటి, ఏటవాలుగా ఎదురెదురు దిక్కుల్లో పరుస్తారు. వాటి అంచులను ఉక్కు తీగల కట్టల చుట్టూ తిప్పి బిగిస్తారు. ఆ కట్టలే టైరును రిమ్ముకు పట్టి ఉంచుతాయి. పైన కనిపించే రబ్బరు ఆ బట్టను నీటి నుంచీ, రాపిడి నుంచీ కాపాడే తొడుగు మాత్రమే. అందుకే టైరు కోసుకుపోయినప్పుడు విమానాశ్రయంలోని మెకానిక్ ముందుగా చూసేది కోత దారం దాకా వెళ్లిందా లేదా అని. దారం తెగితే బట్ట బలం పోయినట్టే.

పెద్ద ప్రయాణికుల విమానం టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 200 పౌండ్లు ఉంటుంది. మన కారు టైరులో ఉండేది 30 నుంచి 35 పౌండ్లు. విమానం నేలను తాకేటప్పుడు దాని వేగం గంటకు సుమారు 250 కిలోమీటర్లు. గాలిలో తిరగకుండా ఉన్న చక్రం నేలను తాకిన మరుక్షణం ఆ వేగం అందుకోవాలి. అప్పుడు లేచే తెల్లటి పొగ రబ్బరు రాపిడి వల్ల వచ్చేదే. ఘర్షణకు ఇంతకంటే మంచి ఉదాహరణ పిల్లలకు దొరకదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. బరువు మీద పడ్డప్పుడు విమానం టైరు తన ఎత్తులో దాదాపు మూడో వంతు నొక్కుకుపోయేలా తయారవుతుంది. కారు టైరు అంత నొక్కుకోదు. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు ఒక్కో భాగం నొక్కుకుని మళ్లీ సాగుతుంది. ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టే టైరు పక్క గోడలూ వేడెక్కుతాయి. గాలి తగ్గితే టైరు మరింత నొక్కుకుంటుంది, మరింత వేడెక్కుతుంది. ఆ వేడికి పొరల మధ్య పట్టు వదిలిపోతుంది. అంటే టైరుకు అసలు శత్రువు మేకు కాదు, తక్కువ గాలి.

మన రాష్ట్రంలోని సదాశివపేటలో టైర్లు తయారుచేసే ఎంఆర్‌ఎఫ్ కంపెనీ మన సైన్యం వాడే చేతక్ హెలికాప్టర్లకు కూడా టైర్లు అందించింది. ఇంజినీరు కావాలనుకునే పిల్లలకు ఈ మాట చెప్పండి. టైరు కూడా ఒక పెద్ద చదువే.

చిన్న విమానంలో ట్యూబు

పెద్ద విమానాలకు నేడు ట్యూబు ఉండదు. పైలట్ శిక్షణకు వాడే సెస్నా లాంటి చిన్న విమానాల్లో చాలా వాటికి మన బైకుకు ఉన్నట్టే లోపల ట్యూబు ఉంటుంది. బేగంపేటలో శిక్షణ పొందిన ఎందరో పైలట్లు మొదటి పాఠాలు ఇలాంటి విమానాల మీదే నేర్చుకున్నారు. ఆ ట్యూబును ఎలా పరీక్షిస్తారో చూడండి. మన పంక్చర్ దుకాణంలో చేసే పనికీ దానికీ పోలికలు ఉన్నాయి, తేడాలూ ఉన్నాయి.

మొదటిది, కొత్త టైరు వేస్తే కొత్త ట్యూబే వేయాలి. వాడిన ట్యూబు సాగి ఉంటుంది. కొత్తదానికంటే పాతిక శాతం దాకా పెద్దది కావచ్చు. దాన్ని కొత్త టైరులో పెడితే లోపల మడత పడుతుంది. మడత పడ్డచోట రాపిడికి పలచబడి ఒకరోజు పగులుతుంది.

రెండోది, ట్యూబు లోపలి అంచు. ఇది రిమ్ముకు ఆనుకుని, బ్రేకుకు దగ్గరగా ఉంటుంది. బ్రేకు వేడికి అక్కడ రబ్బరు గట్టిపడుతుంది, పలచబడుతుంది. గుండ్రంగా ఉండాల్సిన ట్యూబు అక్కడ పలకలు తేలితే దాన్ని పక్కన పెట్టేస్తారు.

మూడోది, వాల్వు. వాల్వు మొదలు దగ్గర ట్యూబుతో అతుకు వదులుతోందా, పగుళ్లు ఉన్నాయా, వాల్వు వంగిందా అని చూస్తారు. వాల్వు మూత తప్పకుండా ఉండాలి. మూత లేకపోతే దుమ్ము లోపలికి పోయి గాలి మెల్లగా కారుతుంది.

నాలుగోది, ఎక్కించే పద్ధతి. ట్యూబుకు టాల్కం పొడి రాసి పెడతారు. గాలి నింపుతారు, పూర్తిగా తీసేస్తారు, మళ్లీ నింపుతారు. మొదటిసారి నింపినప్పుడు పడిన మడతలు ఇలా చేస్తే విప్పుకుంటాయి. టైరు మీద తేలిక వైపును చూపే ఎర్ర చుక్క ఉంటుంది, ట్యూబు మీద బరువు వైపును చూపే పసుపు గీత ఉంటుంది. రెండింటినీ ఒకచోటికి కలుపుతారు. అప్పుడు చక్రం ఊగకుండా తిరుగుతుంది.

ఐదోది, జారుడు గుర్తు. టైరు మీద నుంచి రిమ్ము మీదికి ఒకే గీతగా రంగు పూస్తారు. గాలి తగ్గినప్పుడు బ్రేకు వేస్తే టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జారుతుంది. ట్యూబు టైరుతో పాటు కదులుతుంది, వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలోనే ఉండిపోతుంది. చివరికి వాల్వు మొదలు చిరిగిపోతుంది. గీత రెండు ముక్కలై పక్కపక్కకు జరిగితే టైరు జారిందని అర్థం. పైలట్ బయలుదేరేముందు విమానం చుట్టూ తిరిగినప్పుడు దీన్ని తప్పక చూస్తారు.

గాలి కాదు, నత్రజని

పెద్ద విమానాల టైర్లలో మామూలు గాలి నింపరు, పొడి నత్రజని నింపుతారు. మనం పీల్చే గాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్. మంటను పెంచేది ఆక్సిజనే. 1986 మార్చి 31న మెక్సికోలో మెక్సికానా సంస్థకు చెందిన బోయింగ్ 727 విమానం కూలి 167 మంది చనిపోయారు. బ్రేకు విపరీతంగా వేడెక్కడంతో, మామూలు గాలి నింపిన టైరు చక్రాల గదిలోనే పేలిపోయిందని దర్యాప్తులో తేలింది. మరుసటి ఏడు అమెరికా విమానయాన అధికారులు బ్రేకులున్న చక్రాల్లో నత్రజనే వాడాలనీ, ఆక్సిజన్ 5 శాతం దాటకూడదనీ ఆదేశించారు.

ఉష్ణోగ్రతతో లెక్క కూడా ఉంది. పై తరగతుల పిల్లలతో చేయించండి. గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు అనుకుంటే కెల్విన్‌లో అది 300. మూడు డిగ్రీలు మారితే 300లో 3, అంటే ఒక శాతం. కాబట్టి విమానం టైరులో ప్రతి 3 డిగ్రీల మార్పుకు పీడనం సుమారు ఒక శాతం మారుతుంది. శంషాబాద్‌లో మధ్యాహ్నం 38 డిగ్రీల్లో 200 పౌండ్లు ఉన్న టైరు 5 డిగ్రీల చలి ఊళ్లో దిగి చల్లబడితే 33 డిగ్రీల తేడా, అంటే సుమారు 11 శాతం తగ్గుదల. దాదాపు 178 పౌండ్లు. ఎక్కడా చిల్లు లేదు, అయినా గాలి తక్కువ! అందుకే వెళ్లబోయే చోటి చలిని కూడా లెక్కలో పెట్టుకుంటారు. టైరు చల్లబడటానికి రెండు మూడు గంటలు ఆగి కొలుస్తారు.

ఎంత తగ్గితే ఏం చేయాలి?

ఈ విషయంలో మెకానిక్ తనకు తోచినట్టు నిర్ణయించడానికి వీల్లేదు. సాధారణంగా పాటించే పద్ధతి ఇది. ఉండాల్సిన పీడనం 200 అనుకుందాం.

190 నుంచి 200 మధ్య ఉంటే నింపి పంపవచ్చు. 180 నుంచి 190 మధ్య ఉంటే నింపి, పుస్తకంలో రాసి, మళ్లీ పరీక్షించాలి. 160 నుంచి 180 మధ్య ఉంటే నింపి సరిపెట్టకూడదు, టైరు విప్పేయాలి. 160 కంటే తక్కువ ఉంటే ఆ టైరుతో పాటు అదే ఇరుసు మీద పక్కనున్న టైరును కూడా విప్పేయాలి.

చివరి నియమం పిల్లలకు వింతగా అనిపిస్తుంది. పక్క టైరు చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. ఒకటి మెత్తబడితే దాని బరువు కూడా రెండోదే మోస్తుంది. పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపల దాని దారాలు అలసిపోయి ఉంటాయి. పైగా రెండో టైరు మోస్తున్నంత సేపు మెత్తబడిన టైరు కూడా మామూలుగానే కనిపిస్తుంది. కంటికి తెలియదు. గేజి పెడితేనే తెలుస్తుంది.

జెడ్డా, 1991 జూలై 11

ఈ నియమం ఎంత ముఖ్యమో చెప్పే సంఘటన ఒకటి ఉంది. బాధ కలిగించేదే అయినా పెద్ద తరగతుల పిల్లలకు చెప్పదగ్గది.

1991లో హజ్ యాత్ర ముగించుకున్న నైజీరియా యాత్రికులను ఇళ్లకు చేర్చడానికి జెడ్డా నుంచి ఒక డీసీ-8 విమానం సిద్ధమైంది. నైజీరియా ఎయిర్‌వేస్ తరఫున కెనడాకు చెందిన నేషన్‌ఎయిర్ సంస్థ దాన్ని నడుపుతోంది. అంతకు నాలుగు రోజుల ముందు, జూలై 7న, రెండు టైర్లలో గాలి ఉండాల్సిన దానికంటే తక్కువ ఉన్నట్టు మెకానిక్‌లకు తెలిసింది. నింపడానికి నత్రజని వెంటనే దొరకలేదు. దానికోసం ఆగితే ప్రయాణం ఆలస్యమవుతుంది. ఆలస్యానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. టైర్లు అలాగే ఉండిపోయాయి.

జూలై 11 ఉదయం నిండు బరువుతో విమానం రన్‌వే వైపు కదిలింది. మెత్తబడిన టైరు బరువు పక్క టైరు మీద పడింది. ఎగరడానికి పరుగు మొదలుపెట్టిన కాసేపటికే ఆ పక్క టైరు పగిలింది. వెంటనే మెత్తబడ్డదీ పాడైంది. తిరగడం ఆగిన చక్రం రన్‌వే మీద రాసుకుంటూ పోయి మంట పుట్టింది. పైకి లేచాక చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి, వాటితో పాటు మంట కూడా విమానం పొట్టలోకి వెళ్లింది. వెనక్కి తిప్పి దింపాలని పైలట్లు ప్రయత్నించారు. రన్‌వే చేరకముందే విమానం కూలింది. 247 మంది ప్రయాణికులు, 14 మంది సిబ్బంది, మొత్తం 261 మంది చనిపోయారు.

ఇందులో సైన్సు తెలియక జరిగిన తప్పు లేదు. గాలి తక్కువ ఉందని తెలుసు, ఏం చేయాలో తెలుసు. చేయడానికి సమయం ఇవ్వలేదు, అంతే.

మన స్కూలు బస్సు, మన బండి

కోరుట్ల మీదుగా వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ మన పిల్లలు ప్రయాణిస్తారు. స్కూలు బస్సు వెనక ఇరుసుకు ఒక్కో వైపు జంట టైర్లు ఉంటాయి. విమానం పాఠం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. లోపలి టైరులో గాలి పోయినా బయటి టైరు బరువు మోస్తూ నిలబడే ఉంటుంది, బయటినుంచి చూసేవాళ్లకు బస్సు బాగానే కనిపిస్తుంది. మన ప్రాంతంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వేడి రోడ్డు, తక్కువ గాలి, నిండు బస్సు, ఈ మూడూ కలిస్తే ప్రమాదమే.

అందుకే మీరు డ్రైవరన్నను, రవాణా ఇన్‌ఛార్జిని ఈ మాటలు అడగండి: లోపలి టైర్లకు గాలి చివరిసారి గేజితో ఎప్పుడు చూశారు? ఎక్కడ రాశారు? స్టెపిని టైరులో గాలి ఉందా? అడగడం తప్పుపట్టడం కాదు. తల్లిదండ్రులు అడిగే చోట తనిఖీ మానేయడం కష్టం. అలాగే టైరు చూడాలని డ్రైవరు బస్సును ఆపి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే దయచేసి కోప్పడకండి. ఆ పది నిమిషాలు మన పిల్లల కోసమే.

ఇంటి బండి విషయంలో నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

గాలి ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో, కొన్ని బండ్లకు చైన్ కవరు మీద రాసి ఉంటుంది. ఒక్కరికి ఒక అంకె, వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు ఇంకో అంకె ఉంటుంది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు వారానికోసారి చూపించండి.

గాడుల లోతు ద్విచక్ర వాహనాలకు కనీసం 0.8 మిల్లీమీటర్లు, కార్లకు, బస్సులకు 1.6 మిల్లీమీటర్లు ఉండాలని మోటారు వాహనాల నిబంధన. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి. పైరబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు మార్చే సమయం వచ్చినట్టే.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పిల్లలకు ఈ అంకె వెతకడం ఆటలా ఉంటుంది.

కొత్త టైరు వేయించేటప్పుడు పాత ట్యూబు బాగానే ఉంది కదా అని అదే పెట్టించకండి. కారణం పైన చదివారు.

రెండు జాగ్రత్తలు

లారీ, ట్రాక్టరు టైర్లకు గాలి నింపుతున్నప్పుడు పిల్లలను దగ్గర నిలబడనివ్వకండి. రిమ్ము రింగు ఊడి ఎగిరితే తగిలినవాళ్లు బతకడం కష్టం. విమానం టైర్లను ఇనుప బోనులో పెట్టి నింపేది ఇందుకే.

సెలవుల్లో పిల్లలు లారీ ట్యూబు తీసుకుని వ్యవసాయ బావికీ, కాకతీయ కాలువకూ ఈతకు వెళ్తుంటారు. ట్యూబు లైఫ్ జాకెట్ కాదు. తడిస్తే జారుతుంది, పిల్లవాడు మధ్య రంధ్రంలోంచి కిందికి జారిపోవచ్చు, అతుకు నీళ్లలోనే ఊడవచ్చు. పారే కాలువలో ట్యూబు ఎటు పోతే పిల్లవాడూ అటే పోతాడు. ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కన లేకుండా పంపకండి.

ఈ నెల పని: సుద్దముక్క గీత

కావలసినవి: సుద్దముక్క, నోటుపుస్తకం, మీ బండి లేదా పిల్లల సైకిలు.

బండిని స్టాండు మీద నిలిపి, ఇంజను ఆపి, తాళంచెవి తీసేయండి. టైరు పక్క గోడ మీద నుంచి రిమ్ము మీదికి ఒక గీత గీయించండి. వాల్వు నిటారుగా ఉందా, వంగి ఉందా రాయించండి. మూత ఉందా చూడమనండి. గాలి పట్టించినప్పుడు నింపకముందు ఎంత ఉందో, తర్వాత ఎంత ఉందో రాయించండి. గీత చెరిగిపోతే మళ్లీ గీయండి. ఇలా నాలుగు వారాలు చేయండి. గీత జరిగిందా? గాలి వారానికి ఎంత తగ్గింది? ఎండ ఎక్కువైన వారంలో తేడా ఉందా? ఆ పేజీని పిల్లలు సైన్సు టీచరుకు చూపించాలి.

పిల్లలను అడగండి:

ఒకటి, చిల్లు లేకుండానే టైరులో పీడనం ఎలా తగ్గుతుంది? (చల్లబడితే తగ్గుతుంది.)

రెండు, ఒక విమానం టైరులో 220 పౌండ్లు ఉండాలి, 187 ఉన్నాయి. ఏం చేయాలి? (187 అంటే 220లో 85 శాతం. టైరు విప్పాలి.)

మూడు, 165 మాత్రమే ఉంటే? (75 శాతం. పక్క టైరును కూడా విప్పాలి.)

చివరిగా ఒక విన్నపం. నాలుగు వారాల్లో ఏదో ఒక రోజు మీ అమ్మాయో అబ్బాయో పొద్దున్నే వచ్చి, “డాడీ, గీత జరిగింది” అంటారు. అప్పటికే స్కూలుకు ఆలస్యమవుతూ ఉంటుంది. “సాయంత్రం చూద్దాంలే” అనకండి. బండి పక్కకు పెట్టి వంగి చూడండి, చెప్పినందుకు మెచ్చుకోండి. తాను చూసి చెప్పిన చిన్న లోపాన్ని పెద్దవాళ్లు పట్టించుకున్నారని తెలిసిన పిల్లలు రేపు ఏ పనిలో ఉన్నా చూసింది చూసినట్టు చెబుతారు. ఆ ఉదయం ఆలస్యంగా వచ్చే పిల్లల గురించి ఒక చీటీ రాసి పంపండి. క్లాస్ టీచర్లు అర్థం చేసుకుంటారు.